అచ్చుతప్పు ఎక్కడ దాక్కుంటుంది?

సూరత్ నగరంలో నవాగామ్, దిండోలి, లింబాయత్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు చాలానే కనిపిస్తాయి. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు వీరు, పద్మశాలీలు ఎక్కువ. సూరత్ నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. వీధిలో బోర్డులు గుజరాతీలో, ఇంట్లో మాట తెలుగులో. అలాంటి ఒక ఇంట్లో పెళ్లి కుదిరిందనుకుందాం. శుభలేఖ తెలుగులోనే ఉండాలని పెద్దవాళ్ల పట్టు. పెదనాన్న కాగితం మీద రాసిచ్చిన మాటరును ప్రెస్సులో డీటీపీ చేస్తారు. చేసే మనిషికి తెలుగు రాకపోవచ్చు. ప్రూఫ్ ఇంటికి వస్తుంది. నలుగురూ చదివి ‘బాగుంది, కానివ్వండి’ అంటారు. అయిదు వందల కార్డులు అచ్చయి, పసుపు బొట్లు పెట్టి పంచుతుంటే, అప్పుడే వచ్చిన మేనత్త కంటికి తప్పు కనబడుతుంది.

నలుగురు చదివినా దొరకనిది ఐదో మనిషికి చూడగానే ఎలా దొరికింది? నలుగురిదీ అజాగ్రత్త అని సరిపెట్టుకోవడం తేలిక. అయితే చదవడం మీద జరిగిన పరిశోధనలు వేరే సంగతి చెబుతున్నాయి. ఆ నలుగురూ సరిగానే చదివారు. సరిగా చదవడం వల్లే తప్పు దొరకలేదు.

చదివేటప్పుడు మన కన్ను వరుస మీద జారుతూ పోదు. చిన్న చిన్న గెంతులు వేస్తుంది. ఒక్కొక్క చోట సుమారు పావు సెకను ఆగి మళ్లీ గెంతుతుంది. స్పష్టంగా కనిపించేది చూపు మధ్యనున్న రెండు డిగ్రీల మేర మాత్రమే, అంటే చేయి చాచి పట్టుకుంటే బొటనవేలి గోరంత. మిగిలినదాన్ని మెదడు అంచనాతో పూరించుకుంటుంది. ముందున్న మాటల్ని బట్టి తర్వాత ఏ మాట రావాలో దానికి తెలుసు. వచ్చిన మాట దానికి దగ్గరగా ఉంటే చాలు, ఒప్పుకుని ముందుకు పోతుంది. ‘వివాహ మహోత్సవ ఆహ్వనము’ అని పడినా ‘ఆహ్వానము’ అనే చదువుతుంది. రాసింది తామే అయితే ఈ అంచనా మరీ బలంగా ఉంటుంది. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన మెరెడిత్ డేన్‌మన్, ముర్రే స్టెయిన్‌టన్ 1993లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థుల చేత వ్యాసాలు రాయించి, వాటిలో తప్పులు వెతికించారు. ఇతరుల వ్యాసంలో కన్నా తమ వ్యాసంలో తప్పులు పట్టుకోవడమే వారికి కష్టమైంది. రాసినవారికి ఆ వాక్యం కంఠస్థం. కన్ను కాగితం మీద ఉన్నా, చదివేది లోపలి ప్రతిని.

ఇక్కడే అసలు ప్రశ్న మొదలవుతుంది. మెదడు ఊహించగలిగిన చోట తప్పు దొర్లితే పెద్ద నష్టం లేదు. ‘ఆహ్వనము’ చూసి పెళ్లికి రానివారు ఉండరు. మెదడు ఊహించలేని చోట తప్పు పడితే?

ఊహించగలగడం అనే ఈ గుణాన్ని అంకెల్లో కొలిచినవాడు అమెరికన్ గణితవేత్త క్లాడ్ షానన్. 1951లో ఆయన ఒక ఆట లాంటి ప్రయోగం చేశాడు. ఒక ఇంగ్లీషు వాక్యాన్ని దాచి, తర్వాతి అక్షరం ఏమిటో ఊహించమని మనుషుల్ని అడిగాడు. ఎన్నో ప్రయత్నానికి సరిగా చెప్పారో లెక్కగట్టాడు. ఎక్కువ చోట్ల మొదటి ఊహే నిజమైంది. భాషలో చాలా భాగం అదనపు సమాచారమేనని, అది లేకపోయినా అర్థం పట్టుకోవచ్చని దీనివల్ల తేలింది. ఈ అదనాన్ని ఇంగ్లీషులో రిడండెన్సీ అంటారు. మన దేశంలోనూ ఈ వరుసలో పని జరిగింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో బి.ఎస్. రామకృష్ణ బృందం భారతీయ భాషలను సమాచార సిద్ధాంతం వైపు నుంచి పరిశీలించింది. తెలుగు వచనపు ‘ఎంట్రపీ’ మీద పి. బాలసుబ్రహ్మణ్యం, గిఫ్ట్ శిరోమణి రాసిన పత్రం 1968లో అంతర్జాతీయ పత్రికలో వచ్చింది.

శుభలేఖను ఈ చూపుతో చూస్తే అది రెండు ముక్కలుగా కనిపిస్తుంది. ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’ మొదలుకొని ‘సపరివార సమేతంగా విచ్చేసి’ దాకా అంతా ఊహించగల భాగం. సగం అక్షరాలు చెరిగిపోయినా చదివేస్తాం. పేర్లు, తేదీ, ముహూర్తం, మంటపం చిరునామా, ఫోన్ నంబరు ఊహించలేని భాగం. కార్డు అచ్చు వేసేది ఈ భాగం కోసమే.

అయితే పాతకాలం నుంచి వస్తున్న పద్ధతిలో ఒక చమత్కారం ఉంది. తేదీ ఒక్కటే రాసి ఊరుకోరు. వారం, తిథి, నక్షత్రం కూడా వేస్తారు. 2025 మే 14, బుధవారం, వైశాఖ బహుళ విదియ అని ఉందనుకోండి. 14 బదులు 15 పడితే, బుధవారం ఎలా అవుతుందని ఎవరో ఒకరు అడుగుతారు. 21 పడితే వారం కుదురుతుంది కానీ తిథి ఒప్పుకోదు. ఒకే సంగతిని మూడు నాలుగు విధాలుగా చెప్పడం చాదస్తంలా కనిపిస్తుంది. నిజానికి అది తప్పును పట్టించే ఏర్పాటు. ప్రామిసరీ నోటు మీద ‘10,000 (అక్షరాలా పదివేల రూపాయలు)’ అని రాయడమూ ఇదే. చెక్కు మీద అంకెలకు, అక్షరాలకు తేడా వస్తే అక్షరాల్లో ఉన్న మొత్తమే చెల్లుతుందని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం చెబుతుంది.

మగ్గం మీద పనిచేసేవారికి ఇది కొత్త కాదు. మరమగ్గంలో పేక దారం తెగితే పసిగట్టి మగ్గాన్ని ఆపేసే చిన్న కొక్కెం లాంటి పరికరం ఉంటుంది. దారం తెగిన సంగతి నేతగాడి కంటి మీద వదిలేయరు.

తెలుగు పద్యానికి కూడా అలాంటి కొక్కెం ఉంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. చంపకమాలకు 21, పదకొండో అక్షరం యతి. కందంలో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరానికి ప్రాస. తాటాకు మీద నకలు రాసేవాడు ఒక అక్షరం మింగేస్తే గణం విరుగుతుంది. ప్రాస మారిస్తే చెవికి తెలిసిపోతుంది. ఛందస్సు ఇందుకోసం పుట్టిందని చెప్పలేం గానీ, శతాబ్దాల పాటు చేసిన పనుల్లో ఇదొకటి. 19వ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలోనూ, ఆ తర్వాత మద్రాసులోనూ పండితులను కూర్చోబెట్టుకుని, ఒకే కావ్యానికి ఎన్నో ప్రతులు సేకరించి, పక్కపక్కన పెట్టి పాఠాలు తేల్చినప్పుడు ఛందస్సు పెద్ద సాయం. కానీ గణం విరగకుండా మాట మారిపోయిన చోట ఆ సాయం లేదు. మన కావ్యాల్లో కనిపించే పాఠభేదాల్లో చాలా భాగం అలాంటి చోట్లవే. అక్కడ ప్రతికి ప్రతిని పోల్చడం తప్ప దారి లేదు. అదే బ్రౌన్ 1852లో అచ్చు వేయించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వచన గ్రంథం. దానికి యతిప్రాసల కాపలా లేదు. అర్ధ శతాబ్దం తర్వాత, 1903లో, వెంకటరత్నం, క్యాంబెల్, కందుకూరి వీరేశలింగం కలిసి దాన్ని మొత్తం సవరించి కొత్త కూర్పు తెచ్చారు. అప్పటికి బ్రౌన్ చనిపోయి దాదాపు 20 ఏళ్లు.

ఇప్పుడు ఆ కాపలా పని గణితం చేస్తోంది. ఆధార్ సంఖ్యలోని 12 అంకెల్లో చివరిది మిగతా 11 అంకెల నుంచి లెక్కగట్టినది. డచ్ గణితవేత్త జాకోబస్ వెర్హోఫ్ 1969లో ప్రకటించిన పద్ధతి ఇది. ఏదో ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా కంప్యూటరుకు వెంటనే తెలుస్తుంది. మొబైల్ నంబరుకు మాత్రం ఇలాంటి అంకె లేదు. పది అంకెల్లో ఒకటి మారితే అదీ ఎవరిదో ఒకరి నంబరే అవుతుంది.

హిమాలయాల లెక్క

కాపలా లేని అంకె ఎంత దూరం ప్రయాణించగలదో చెప్పడానికి 2007 నాటి ఒక ఉదంతాన్ని మించింది లేదు. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి ప్రభుత్వాంతర సంఘం, అంటే ఐపీసీసీ, ఆ ఏడాది నాలుగో నివేదిక వెలువరించింది. అందులో రెండో కార్యబృందం సంపుటం ఒక్కటే దాదాపు వెయ్యి పేజీలు. ఆసియాకు కేటాయించిన పదో అధ్యాయంలో, ఉష్ణోగ్రత ఇదే తీరున పెరిగితే హిమాలయ హిమానీనదాలు 2035 నాటికి, బహుశా అంతకన్నా ముందే, మాయమయ్యే అవకాశం చాలా ఎక్కువని రాశారు. గంగా, సింధు, బ్రహ్మపుత్ర నదుల మీద బతికే కోట్లాది మందికి సంబంధించిన మాట ఇది.

ఆ అంకెకు ఆధారంగా చూపింది డబ్ల్యూడబ్ల్యూఎఫ్ సంస్థ 2005 నివేదికను. ఆ నివేదిక ఆధారం 1999లో ‘న్యూ సైంటిస్ట్’ పత్రికలో వచ్చిన వార్తా కథనం. అంటే దారి పట్టుకుని వెనక్కి పోతే చివర ఉన్నది పరిశోధన పత్రం కాదు, పత్రికకు ఎవరో చెప్పిన మాట. మరోవైపు, రష్యన్ శాస్త్రవేత్త కోట్ల్యాకోవ్ 1996లో యునెస్కో కోసం రాసిన నివేదికలో ధ్రువాల వెలుపలి హిమానీనదాల విస్తీర్ణం 5 లక్షల చదరపు కిలోమీటర్ల నుంచి లక్షకు తగ్గుతుందన్న అంచనా ఉంది. 2350 నాటికి. ఐపీసీసీ పేరాలో ఇవే విస్తీర్ణాలు హిమాలయాలకు అంటగట్టి, 2035 నాటికి అని కనిపిస్తాయి. 2350లోని అంకెలు తారుమారై 2035 అయ్యాయా, లేక రెండు వేర్వేరు మూలాలు కలిసిపోయాయా అన్నదానిపై వాదన ఉంది. ఏదైనా చదివేవారి కంటికి రెండూ ఒకేలా కనిపించే నాలుగంకెలే.

విచిత్రం ఏమిటంటే, పట్టుకోవడానికి హిమానీనదాల శాస్త్రం తెలియనక్కర్లేని తప్పులు కూడా అదే చోట ఉన్నాయి. ఒక వాక్యం 2035కల్లా హిమానీనదాలు మాయమవుతాయంటుంది. తర్వాతి వాక్యం అదే 2035కు లక్ష చదరపు కిలోమీటర్లు మిగులుతాయంటుంది. ముసాయిదా సమీక్షలోనే ఒకరు ఈ వైరుధ్యాన్ని ఎత్తిచూపారు. అయినా అలాగే అచ్చయింది. ఇక పక్కనున్న పట్టికలో ఉత్తరాఖండ్‌లోని పిండారీ హిమానీనదం 1845 నుంచి 1966 వరకు 2,840 మీటర్లు వెనక్కి తగ్గిందని, సగటున ఏడాదికి 135.2 మీటర్లని ఉంది. 1845 నుంచి 1966 అంటే 121 ఏళ్లు. 2,840ని 121తో భాగిస్తే వచ్చేది 23.5. మరి 135.2 ఎక్కడిది? 121 బదులు 21తో భాగిస్తే అది వస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లవాడికి క్యాలిక్యులేటర్ ఇస్తే అర నిమిషంలో దొరికే తప్పు. ప్రపంచంలోని పేరున్న నిపుణులు దాని పక్కగా నడిచి వెళ్లిపోయారు. వారెవరూ భాగహారం రానివారు కాదు. పట్టికలో ఉన్న అంకెను మళ్లీ లెక్కగట్టాలని ఎవరికీ తోచలేదు, అంతే.

కెనడాలోని ట్రెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రాహం కాగ్లీ వంటి హిమానీనద శాస్త్రవేత్తలు ఈ గొలుసును వెనక్కి లాగి బయటపెట్టారు. 2010 జనవరి 20న ఐపీసీసీ విచారం వ్యక్తం చేస్తూ ప్రకటన ఇచ్చింది. హిమాలయ హిమానీనదాలు కరుగుతున్న మాట నిజం. తర్వాతి కొలతలన్నీ అదే చెబుతున్నాయి. కానీ ఒక్క పేరాలోని తప్పు ఆ నిజాన్ని కూడా శంకించడానికి చాలామందికి సాకుగా దొరికింది.

ఇలాంటిదే పాలకూర కథ. 19వ శతాబ్దంలో ఒక రసాయన శాస్త్రవేత్త దశాంశ బిందువును ఒక స్థానం అవతల పెట్టడం వల్ల పాలకూరలో ఇనుము పది రెట్లు ఎక్కువని ప్రచారమైందని పుస్తకాల్లో, ఉపన్యాసాల్లో చెబుతుంటారు. అచ్చుతప్పుల గురించి మాట్లాడేవారికి ఇష్టమైన ఉదాహరణ. 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన వ్యాసంతో దీనికి బాగా ప్రాచుర్యం వచ్చింది. ఆ వ్యాసంలో ఆధారం ఇవ్వలేదు. 2010లో మైక్ సటన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు వెతికితే, అలాంటి దశాంశపు పొరపాటు జరిగినట్టు ఎక్కడా దొరకలేదు. సరిచూసుకోమని చెప్పే కథనే ఎవరూ సరిచూడలేదన్నమాట.

తెలుగులో కాపలా లేని చోట్లు

తెలుగులో సైన్సు రాసేవారికి ప్రత్యేకమైన గుంటలు కొన్ని ఉన్నాయి. వీటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది గుడికీ ఐత్వానికీ మధ్య ఉంది. ‘మి.గ్రా.’ అంటే మిల్లీగ్రాము. ‘మై.గ్రా.’ అంటే మైక్రోగ్రాము. తేడా ఒక్క గుణింతపు గుర్తు. విలువలో వెయ్యి రెట్లు. విటమిన్ డి, బి12 వంటివి మైక్రోగ్రాముల్లో కావాల్సినవి. చిన్న అక్షరాల్లో అచ్చయితే ఈ తేడా కంటికి ఆనదు. ఇలాంటి చోట పొదుపు పనికిరాదు, పూర్తి మాట రాయాలి. మందుల చీటీల విషయంలో అమెరికాలో ఆసుపత్రుల ప్రమాణాలు చూసే జాయింట్ కమిషన్ 2004 నుంచి ఒక నిషేధాల జాబితా అమలు చేస్తోంది. 5 మి.గ్రా.ను ‘5.0’ అని రాయకూడదన్నది అందులో ఒకటి. చుక్క కనబడకపోతే అది 50 అవుతుంది.

రెండో గుంట లెక్కల భాషది. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు. భూమి వయసు 4.5 బిలియన్ ఏళ్లంటే 450 కోట్ల ఏళ్లు. హడావిడిలో అది 45 కోట్లు అవుతుంది. వాక్యం మాత్రం హాయిగా, గంభీరంగా చదువుకునేలా ఉంటుంది. 45 కోట్ల ఏళ్ల కిందట సముద్రాల్లో చేపల వంటి జీవులు అప్పటికే ఉన్నాయని గుర్తున్నవారికే అనుమానం వస్తుంది.

మూడోది, కంప్యూటరు స్పెల్లింగ్ తనిఖీకి దొరకనిది: తప్పు పడ్డాక కూడా మంచి తెలుగు మాటగానే మిగిలేది. ‘మందు’, ‘ముందు’ రెండూ ఉన్న మాటలే. ‘విషయం’లో ఒక అక్షరం జారితే ‘విషం’. ‘పలు’కు దీర్ఘం తగిలితే ‘పాలు’. ఇక సున్న సంగతి ప్రత్యేకం. ‘అంకె’లోని పూర్ణబిందువూ, తెలుగు అంకెల్లోని సున్నా చూడటానికి ఒకటే, కంప్యూటరుకు రెండూ వేరు. ఒకదాని బదులు మరొకటి కొడితే కాగితం మీద తేడా తెలియదు, కానీ ఆ మాట కోసం వెతికితే దొరకదు. నవాగామ్ పిల్లలకు ఈ తికమక గుజరాతీలోనూ ఎదురవుతుంది. అక్కడ 5 అంకె దాదాపు ‘ప’ అక్షరంలా, 2 అంకె ‘ర’ అక్షరంలా ఉంటాయి.

పాత అను ఫాంట్లలో కొట్టిన వ్యాసాలను యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు వత్తులు జారడం, గుణింతాలు చెదరడం డెస్కుల్లో పనిచేసేవారికి తెలిసిన బాధే. దాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అవి కంటికి కనిపించే తప్పులు.

దిద్దే పనిలో ముందు వెనకలు కూడా ముఖ్యమే. చాలామంది మొదటి వాక్యం నుంచే అచ్చుతప్పులు దిద్దుతూ పోతారు. తర్వాత ఆ పేరానే కొట్టేస్తారు. అంతకన్నా నష్టం, సవరణల వల్ల కొత్త తప్పులు పుట్టడం. తెలుగు వాక్యంలో క్రియ చివర ఉంటుంది. మొదట్లో ‘ఈ కణం’ను ‘ఈ కణాలు’గా మార్చిన మనిషి, మూడు వరుసల తర్వాత ఉన్న ‘విడిపోతుంది’ దాకా వెళ్లడు. అందుకే ముందు విషయం, తర్వాత వాక్యం, చిట్టచివర అక్షరం. చివరి సవరణ చేసిన వాక్యాన్ని మరోసారి మొత్తం చదవడం ఎవరికీ ఇష్టం ఉండదు. తప్పులు ఎక్కువగా మిగిలేది అక్కడే.

మెదడు చేసే ఊహను కాసేపు నిద్రపుచ్చడానికి పాత అచ్చాఫీసుల్లో ఒక ఏర్పాటు ఉండేది. ప్రూఫ్‌రీడర్ పక్కన కాపీ హోల్డర్ అని ఇంకొకరు కూర్చునేవారు. ఆయన రాతప్రతిని పైకి చదువుతుంటే ఈయన అచ్చుప్రతి మీద వేలు పెట్టి వెంట నడిచేవాడు. అంకెలను ‘రెండువేల ముప్పై అయిదు’ అని చదవకుండా ‘రెండు, సున్నా, మూడు, అయిదు’ అని విడివిడిగా చదివితే తారుమారు వెంటనే తెలుస్తుంది. ఒక్కడే ఉంటే ఫాంటు మార్చి, కాగితం మీద తీసుకుని, కొన్ని రోజులు ఆగి చదవడం కొంత మేలు. వీటన్నిటికన్నా పనికొచ్చేది, ఒకసారి వాక్యాలను వదిలేసి అంకెలు, పేర్లు, కొలమానాలు, ‘లేదు’, ‘కాదు’ అన్న మాటలు మాత్రమే చూస్తూ వ్యాసం మొత్తం తిరగడం. ప్రతి అంకెనూ అది వచ్చిన చోటికి వెళ్లి చూడాలి, ప్రతి భాగహారాన్నీ మళ్లీ చేయాలి. విసుగు పుట్టించే పనే. రెండు వేల మాటల వ్యాసానికి గంట పట్టవచ్చు.

నవాగామ్ ఇంట్లో శుభలేఖ ప్రూఫ్‌కు అంత సమయం అక్కర్లేదు. తేదీని, వారాన్ని, తిథిని పంచాంగంలో చూడటానికి రెండు నిమిషాలు. పేర్లను ఆ పేర్లున్నవారి చేతికే ఇచ్చి, అక్షరం అక్షరం పలకమనడానికి ఇంకో అయిదు నిమిషాలు. నాలుగో తరగతి చదివే పిల్ల ఉంటే ఈ పని ఇంకా బాగా చేస్తుంది, ఎందుకంటే కూడబలుక్కుని చదివేవారికి ఊహ ఇంకా అలవాటు కాలేదు. ఇక కాపలా అంకె లేని ఫోన్ నంబరు మిగులుతుంది. పెదనాన్న దాన్ని జ్ఞాపకం నుంచి నొక్కకూడదు. కళ్లజోడు పెట్టుకుని, ప్రూఫ్ కాగితం చూస్తూ ఒక్కొక్క అంకె నొక్కాలి. పక్కగదిలో ఉన్న తమ్ముడి ఫోను మోగితే ప్రెస్సుకు ‘కానివ్వండి’ అని కబురు చేయవచ్చు.